పడవ లేని చప్పుడు

మార్గశిర శుద్ధ నవమి

పొద్దున్నే తొట్టికి గంజి మార్చాను. గంజి అనేది మెట్టపాలెంలో మేం పెట్టుకున్న పేరు. ఉప్పూ చక్కెరా ఇంకా ఏవేవో కలిపి విశాఖ నుంచి సీసాల్లో వచ్చే ద్రవం అది. పాతదాన్ని అడుగు గొట్టంలోంచి దించేసి, కొత్తదాన్ని ఒంటి వేడికి తెచ్చి, పైనుంచి చుక్కచుక్కగా వదలాలి. తొందరపడితే లోపలి పొర కదిలిపోతుంది. పొర అంటే అరచేయంత మెదడు కణజాలం. మీగడ రంగులో గాజు పలక మీద పరుచుకుని ఉంటుంది. రేవు దగ్గర, కొండ దగ్గర, మునిగిపోయిన పాత పాలెం దగ్గర సముద్రంలో మేం దించిన మూడు చెవులు, అంటే నీళ్లలో చప్పుడు పట్టే యంత్రాలు, ఏం విన్నా ఆ పొరకే చేరుతుంది.

పడవ వస్తుంటే దాని చప్పుడుకి తగినట్టు పొరలో ఒకచోట కొన్ని కణాలు కలిసి మెరుస్తాయి, ఒకే దరువుకి కోలాటం వేసేవాళ్లలాగా. మిగతావి వాటి పాటికి అవి ఉంటాయి. ఏ చెవి ముందు విన్నదో, ఏది తర్వాత విన్నదో చూస్తే పడవ ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. మంచు కమ్మిన రోజుల్లో ఆ దిక్కు రేడియోలో చెప్పి పడవలను రేవుకి తేవడం నా పని. ఆకాశం నుంచి దారి చెప్పే యంత్రాలు మూగబోయినప్పటి నుంచీ ఇదే చేస్తున్నాను.

ఈరోజు మంచు లేదు. గాలి ఎక్కువని ఎవరూ వేటకి వెళ్లలేదు. పడవలన్నీ ఇసుక మీదకి లాగేసి ఉన్నాయి. కిటికీలోంచి కనబడుతున్నాయి కూడా. అయినా తొట్టి పక్కనున్న తెర మీద గీత లేచింది. పడవ వస్తోందని తొట్టి చెప్పింది. కాసేపు అలాగే కొట్టుకుని తగ్గిపోయింది.

గాలికి ఏ తాడో చెవిని కొట్టి ఉంటుంది. పడవ లేని చప్పుడు అని రాసి పెట్టుకున్నాను.

మార్గశిర శుద్ధ ద్వాదశి

మళ్లీ అదే. ఈసారి గాలి లేదు, తాడూ లేదు. చెవులు మూడింటినీ విప్పేసి చూశాను. ఏ చెవీ కలపకపోయినా పొర మెరుస్తూనే ఉంది. మళ్లీ తగిలించేశాను.

పైడితల్లి కానాగడతలు పట్టుకుని వచ్చింది. మా ఆయన తమ్ముడి కూతురు. ఇప్పుడు ఊరి సంఘానికి పెద్ద కూడా ఆమే. చేపల గిన్నె గట్టు మీద పెట్టి నా ముఖం చూసింది.

"ఏటి పెద్దమ్మా, అలగున్నావు?"

"పడవ వస్తోందంటోంది, పడవ లేదు."

"ముసిలిదైపోనాదేమో, మార్చీమందాం" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "నానేదో మాటొరసకి అన్నాను. ఏటీ అనుకోకు."

ఆమె ఎందుకు తడబడిందో రాయాలి. ఆ పొర ఆయన చర్మం నుంచి పెంచింది. ఈ వినికిడి సావిడి కట్టిన ఏడు, ఎవరిదైనా చిటికెడు చర్మం కావాలని విశాఖవాళ్లు వచ్చారు. తుపానులో వల లాగడానికి వెనకాడనివాళ్లు సూది చూసి ఇళ్లల్లో దూరిపోయారు. ఆయన మాత్రం చొక్కా చెయ్యి మడిచి, "నా తోలు మందం, ఎంత గావాలో తీసుకోండి" అన్నారు. ఆ చిటికెడు చర్మాన్నే మెదడు కణాలుగా మార్చి ఇదంతా పెంచారు. తర్వాత పెద్ద తుపానుల ఏడు జ్వరం తగిలి ఆయన పోయారు. పొర ఉండిపోయింది.

ఆ కణాలకి నేనెవరో తెలియదు. ఆయన మాటగానీ గుర్తులుగానీ వాటిలో ఉండవు. రాజమండ్రి నుంచి ఈ పని చదువుకునే వచ్చినదాన్ని, నాకు తెలియక కాదు. అయినా గంజి సీసా వేడెక్కిందో లేదో చెంపకి ఆనించి చూసుకుంటాను. వేడి చూసే మీటరు పక్కనే ఉంటుంది.

మార్గశిర పౌర్ణమి

విశాఖ కార్యాలయంలో ఈ తొట్లను చూసే ఇంజినీరు షాహీన్‌తో తీగ మీద మాట్లాడాను. చిన్నపిల్ల, కానీ నిదానం. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగింది.

"హేమగారూ, మీ ఊళ్లో పడవలన్నీ ఒకే మోటారువా అండీ?"

అవును. మూడేళ్ల కిందట పైడితల్లే పట్టుబట్టి తెప్పించింది. పొగ పోయింది. చేపలు బెదరడం మానేశాయి. ఆడవాళ్లు కూడా ఎత్తి దించగలిగేంత తేలిక. ఆ మోటార్లకి నేను వంక పెట్టలేను. చప్పుడు మాత్రం అన్నింటిదీ ఒకటే, నోరు మూసుకుని మూలిగినట్టు.

"అదేనండీ. కలిసి మెరిసిన కణాల మధ్య ముడి గట్టిపడుతుంది కదా. మూడేళ్లుగా పొద్దస్తమానం వాటికి ఒకే చప్పుడు వినిపించాం. ఇప్పుడు పొర మొత్తం ఒకే ముడి అయిపోయి ఉంటుంది. ఎక్కడో ఒకటి మెరిస్తే చాలు, అన్నీ అందుకుంటున్నాయి. బయట ఏం జరుగుతోందో వాటికి పట్టదు."

"అంటే చెవిటిదయిందా?"

"చెవిటిది కాదండీ. తన పాట తనే వింటోంది."

మాట్లాడడం అయ్యాక కిటికీలోంచి రేవు చూశాను. పాత పాలెంలో, ఇంకా సముద్రం ఊళ్లోకి రానప్పుడు, రేవుకి ఎన్ని గొంతులుండేవి! ఒక పడవ దగ్గుతూ వచ్చేది. ఒకటి పళ్లు కొరుకుతున్నట్టు వచ్చేది. సూరాడవాళ్ల పడవ ఊరందరినీ తిడుతున్నట్టే ఉండేది. ఆయన పడవ నాలుగు దెబ్బలు కొట్టి ఒకటి మింగేది. బాగు చేయించమంటే నవ్వేవారు. "బాగుంటే నీకు నానొత్తన్నట్టు ఎలగ తెలుస్తాది?" అనేవారు. పెళ్లయిన కొత్తలో ఆ భాష సగం అర్థమయ్యేది కాదు. ఆ మింగే చోటు మాత్రం మొదటి వారంలోనే అర్థమైంది.

మార్గశిర బహుళ పంచమి

షాహీన్ సరుకుల బండిలో వచ్చింది. వస్తూనే చేతులు కడుక్కుని తొట్టి ముందు కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. నేను పెట్టిన అన్నం చల్లారిపోయింది.

"మార్చాలండీ" అంది చివరికి. "కొత్త పొర పుష్యమాసం ముగిసేలోగా పంపగలం. అప్పటిదాకా మంచు ఉంటే పడవలు దించొద్దని చెప్పండి."

"మరి దీన్నేం చేస్తారు?"

ఎవరి పొరో ఆమెకి ముందే తెలుసు, కాగితాల్లో ఉంటుంది. "పాతవాటిని విశాఖ పట్టుకెళ్లి కాల్చేయాలని నియమం" అని మెల్లగా అంది.

సాయంత్రం సంఘంలో ఈ మాట చెప్పాం. పైడితల్లి లెక్కలేవీ చెప్పలేదు, వాదించలేదు. "తెలవారి తేటగుంటేనే దిగుదాం. మసకేస్తే ఎవులూ కదలొద్దు" అంది. ఇంటికి పోతూ నా పక్కన నడిచింది. "మోటార్లు తెచ్చినాను గాదా, నా వల్లేనేటి ఇది?" అని అడిగింది. కాదన్నాను. ఎవరికీ తెలియనిది ఎవరి వల్ల ఎలా అవుతుంది?

మార్గశిర బహుళ సప్తమి

ఈరోజు జరిగింది వివరంగా రాయాలి.

దానయ్య మావయ్య అని ఊళ్లో పాత మెకానిక్కు ఉన్నాడు. పాలెం మునిగిపోయే ముందు అందరూ గిన్నెలూ మంచాలూ మోసుకుంటుంటే ఈయన డీజిల్ ఇంజిన్లు మోయించాడు. ఇప్పటికీ తన షెడ్డులో వాటికి నూనె రాసుకుంటూ ఉంటాడు. నూనె రాయడమే గాని తిప్పడానికి డీజిలు లేదు. మనవరాలి పెళ్లి ఊరేగింపుకి ఒక్కసారైనా ఇంజిను మోగించాలని పట్టుబట్టి, కొబ్బరినూనెలో ఏదో కలిపి పోసి, రేవు చప్టా మీద పెట్టి హ్యాండిలు తిప్పాడు.

మొదట నల్లటి పొగ, ఆ తర్వాత ఆ చప్పుడు. ఊరేగింపు ఆగిపోయింది. డప్పులవాళ్లు కొట్టడం మానేశారు. నేను సావిడి గుమ్మంలోంచి చూస్తున్నాను. ముసలివాళ్లు ఒక్కొక్కరూ ఇళ్లల్లోంచి బయటికి వచ్చారు. నడి వయసు ఆడమనిషి ఒకామె చప్టా దగ్గరికి వెళ్లి, పొగలో చెయ్యి ఊపి, ఆ చెయ్యి వాసన చూసుకుంది. దానయ్య మావయ్య ఏడుస్తూ, నవ్వుతూ, "ఇదీ ఇంజినంటే! గుండెకాయలాగ కొట్టుకోవాల!" అని అరుస్తున్నాడు.

లోపలి నుంచి షాహీన్ కేక వేసింది.

పరుగెత్తాను. తెర మీద ఎప్పుడూ ఒకే ఎత్తున లేచి పడే గీత విరిగిపోయింది. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క, చినుకులు పడుతున్నట్టు. చప్టా అదురు నీళ్లలో ఉన్న రేవు చెవికి అంది, పొర మళ్లీ విడివిడిగా మెరుస్తోంది. చప్టా మీద ఇంజిను ఆగాక కూడా కాసేపు అలాగే ఉంది. రేవు దగ్గర పిల్లలు నీళ్లలోకి దూకితే ఆ చప్పుడు కూడా విడిగా వినబడింది. తర్వాత మెల్లగా కణాలు ఒకదాని వెంట ఒకటి చేరి, మళ్లీ పాత మూలుగులో పడ్డాయి.

"ఆ ఇంజిను కుదురుగా కొట్టదు కదండీ" అంది షాహీన్. కళ్లు మెరుస్తున్నాయి. "ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన లేదు. దాన్ని అందుకోబోయి ఇవి ఒకదాన్నొకటి వదిలేశాయి."

"అయితే రోజూ మోగిద్దాం."

"ఆగండి. ఎంతసేపు నిలుస్తుందో, పొర తట్టుకుంటుందో లేదో తెలియాలి. ఇది ముసలి పొర."

ఈసారి ఆ మాట అన్నందుకు ఎవరూ నాలుక కరుచుకోలేదు. నాకూ బాధ కలగలేదు. ఆయన ఉండి ఉంటే ఆయనా ముసలివారే అయ్యేవారు కదా అనిపించింది.

మార్గశిర బహుళ ఏకాదశి

నిన్న రాయలేకపోయాను. ఈరోజు రాస్తున్నాను.

నిన్న తెల్లవారి సముద్రం తేటగా ఉంది. పడవలు దిగాయి. పొద్దు కాస్త ఎక్కాక కొండ వెనక నుంచి మంచు దొర్లుకుంటూ వచ్చింది. ఇంత తొందరగా కమ్మడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గర్లో ఉన్నవాళ్లు ఒడ్డు కనబడుతుండగానే తిరిగి వచ్చేశారు. పైడితల్లి, ఆమె చెల్లెలు ఎర్నమ్మ రాలేదు. వాళ్లు లోతుకి వెళ్లారు.

రేడియోలో పైడితల్లి గొంతు స్పష్టంగానే ఉంది. రేడియోకి ఏం, మాట తెస్తుంది. ఆ మాట ఎక్కడి నుంచో చెప్పదు.

"పెద్దమ్మా, తెల్లగున్నాది. పడవ ముక్కే కనబడతం లేదు."

"మోటారు ఆపెయ్యి."

"ఆపేస్తే నీరు లాక్కుపోతంది. పాత పాలెం ఏపే లాగుతందని నా అనుమానం."

పోటు దిగే సమయం. పాత పాలెంలో తుపాను షెడ్డు స్తంభాలు, నీళ్ల ట్యాంకు కాళ్లు నీటి కింద జానెడు లోతులో ఉంటాయి. పడవ అడుగు చీలడానికి ఒక్కటి చాలు.

తెర మీద గీత నిబ్బరంగా లేచి పడుతోంది. అన్ని దిక్కుల్లోనూ పడవ ఉందంటోంది.

"పొరకి మత్తు ఇస్తే మూలుగు ఆగుతుంది. కానీ సాయంత్రం దాకా ఏమీ వినదు" అంది షాహీన్. ఆమె చప్టా వైపు చూసింది. నేను అప్పటికే గుమ్మం దాటాను.

దానయ్య మావయ్య ఇంజిను మంచుకి బిగుసుకుపోయింది. హ్యాండిలు తిప్పీ తిప్పీ ఆయన రొప్పుతున్నాడు. చుట్టూ జనం. "ఇంజిను ఒక్కటీ చాలదు" అని అరిచాను. "దొరికింది తెచ్చి రేవు ఇనుప స్తంభాలు కొట్టండి. చప్పుడు నీళ్లలోకి దిగాలి!"

వచ్చారు. రోకళ్లు, సుత్తులు, గరిటెలు, బడి గంట, పెళ్లి డప్పులు. ఊరంతా స్తంభాల మీద పడింది. నేను తిరిగి సావిడిలోకి పరుగెత్తి, కిటికీ పక్క నుంచి తెర చూస్తున్నాను. ఒక్క క్షణం గీత చెదిరింది. మళ్లీ కూడుకుంది. మునుపటికంటే గట్టిగా.

ఎందుకో వెంటనే అర్థం కాలేదు. తర్వాత చెవికి తెలిసింది. ఊరంతా ఒకే దరువులో కొడుతోంది! వల లాగే చేతులు. పుట్టినప్పటి నుంచీ కలిసి లాగడం అలవాటు. వంద చేతులున్నా ఒక్క చెయ్యిలాగే లేచి పడతాయి.

"కలిసి కొట్టకండి!" అని మైకులో అరిచాను. "ఒకరి దరువులో ఒకరు పడకండి!"

"ఎలగమ్మా? సెయ్యి దానంతటదే పడిపోతంది!" అని ఎవరో కింద నుంచి కేకేశారు.

"ఎవరి పాట వాళ్లు పాడుకోండి, దానికే కొట్టండి. పక్కవాళ్లది వినొద్దు. చెవుల్లో గుడ్డలు కుక్కుకోండి! నేను ఎర్ర గుడ్డ ఊపితే ఆపండి!"

చీర చెంగులు చింపుకున్నారు. తలగుడ్డలు చింపారు. ముసలామె ఒకామె దంపుడు పాట ఎత్తుకుంది. ఇంకొకాయన భజన. పెళ్లికూతురు సినిమా పాట. బడి పిల్లలు ఎక్కాలు. ఒకాయనకి పాటలేవీ రావట, ఎవరినో తిడుతూ కొట్టాడు. ఇంతలో ఇంజిను దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, అందుకుంది. నా జీవితంలో అంత వికారమైన చప్పుడు వినలేదు. అంత ఇష్టమైనది కూడా వినలేదు. పాత పాలెం తెల్లవారుజాము రేవంతా మళ్లీ నా కిటికీ కిందకి వచ్చి నిలబడినట్టయింది.

గీత విరిగింది. చుక్కలయింది. చినుకులయింది.

"ఆపండి!" అని షాహీన్ రెండు చేతులూ ఎత్తింది. నేను కిటికీలోంచి ఎర్ర గుడ్డ ఊపాను. చెవులు మూసుకున్నవాళ్లకి కేక వినబడదు కదా. స్తంభాలు ఆగాయి. దానయ్య మావయ్య ఇంజిను నోరు మూశాడు. ఊరంత మౌనం. మంచు కూడా కదలనట్టుంది.

"పైడీ, ఇప్పుడు మోటారు ఆపి తెడ్డుతో పడవ అడుగుని కొట్టు. గట్టిగా కొట్టు."

"కొడతన్నాను."

తెర మీద ఒక మూల, ఆవగింజంత మెరుపు. మళ్లీ ఒకటి. పాత పాలెం చెవి ముందు విన్నది. రేవు చెవి చాలా తర్వాత విన్నది. కొండ చెవికి అందీ అందనట్టు వచ్చింది. షాహీన్ వేలు పటం మీద పరుగెత్తి ఆగింది. దెబ్బదెబ్బకీ పడవ జరిగిన తీరు చూసి ముక్కు ఎటుందో కూడా లెక్క కట్టింది. పాత పాలెం స్తంభాలకి మరీ దగ్గర. పటం నా వైపు తిప్పింది.

"పైడీ, మోటారు వెయ్యి. కుడివైపు పూర్తిగా తిప్పు. పూర్తిగా."

"కుడేపు సముద్రం గదా పెద్దమ్మా! ఒడ్డు ఎడమేపు గదా?"

"కాదు. నా మాట విను."

రేడియోలో వినబడ్డవి రెండే. నీళ్ల చప్పుడు, ఎర్నమ్మ ఏదో గొణుగుతున్న చప్పుడు. తర్వాత పైడితల్లి "సరే" అంది. ఆ "సరే" అన్నప్పుడు ఆమెకి కళ్ల ముందు ఏమీ లేదు. నా మాట ఒక్కటే ఉంది.

చినుకులు మళ్లీ కూడుకోవడం మొదలుపెట్టాయి. ఎర్ర గుడ్డ దించాను. ఊరు మళ్లీ స్తంభాల మీద పడింది. మళ్లీ ఆపాను. మళ్లీ కొట్టించాను. ప్రతి మౌనంలోనూ తెడ్డు దెబ్బ ఇంకాస్త దగ్గరగా మెరిసింది. చివరి మౌనంలో తెర చూడవలసిన పని లేకపోయింది. కింద జనమే కేకేశారు. మంచులోంచి పడవ ముక్కు బయటికి వచ్చింది. ముక్కు మీద ఎర్నమ్మ తెడ్డు పట్టుకుని కూర్చుని ఉంది. ఇంకా కొడుతూనే ఉంది. ఒడ్డు తగిలాక కూడా ఎవరో చెయ్యి పట్టుకుంటేగాని ఆపలేదు.

పైడితల్లి తడి బట్టలతోనే మెట్లెక్కి సావిడిలోకి వచ్చింది. నన్ను పట్టుకుంది. తర్వాత తొట్టి దగ్గరికి వెళ్లి గాజుకి నుదురు ఆనించింది.

"పెదనాన్నా" అంది.

నేను సరిదిద్దలేదు. చదువుకున్నదంతా నాకు గుర్తుంది. అయినా సరిదిద్దలేదు.

మార్గశిర అమావాస్య

పొర అంచుల నుంచి ఆరిపోతోంది. మొదట రేవు వైపు మూల, తర్వాత కింద. గంజి రెండుసార్లు మార్చాను. వేడి పెంచాను, తగ్గించాను.

"అలసిపోయిందండీ" అంది షాహీన్. ఆమె తిరుగు బండి ఎక్కకుండా ఉండిపోయింది. "మొన్న మనం కొట్టించకపోయినా ఎక్కువ రోజులు ఉండేది కాదు."

అది నిజమో నా కోసం అన్న మాటో అడగలేదు. మధ్యాహ్నం చివరి చుక్కలు రెండు కాసేపు కలిసి మెరిశాయి. తర్వాత ఒకటే మిగిలింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. అది ఆరిపోయేసరికి కిటికీలో ఎండ గోడ దాకా వచ్చింది. ఆయన పోయినప్పుడు నేను పక్కన లేను. మందుల కోసం విశాఖలో ఉన్నాను. ఈసారి ఉన్నాను.

పుష్య శుద్ధ దశమి

కొత్త పొర ఒక్కరి చర్మం నుంచి వద్దని షాహీన్ పట్టుబట్టింది. విశాఖ కార్యాలయంతో రోజంతా తీగ మీద పోట్లాడింది. కణాలు తలో రకంగా ఉంటే ఒకే ముడిలో పడడం కష్టమని ఆమె వాదన. చివరికి ఒప్పుకున్నారు.

ఈరోజు సావిడి ముందు వరస కట్టారు. సూదికి ఇప్పుడూ భయమే. కానీ స్తంభాలు కొట్టిన తర్వాత ఎవరికీ ఇంట్లో దాక్కునే మొహం లేదు. "నా పక్కన ఆడి తోలు ఎయ్యొద్దమ్మా, ఆడితో నాకు మాటల్లేవు" అని ఒకాయన. "లోపల కూడా దెబ్బలాడుకుంతారేటి?" అని ఇంకొకాయన. దెబ్బలాడుకుంటేనే మంచిదని షాహీన్ అంటే వరసంతా నవ్వింది. దానయ్య మావయ్య చెయ్యి చాపి కళ్లు గట్టిగా మూసుకుని, "అయిపోనాదా? అయిపోనాదా?" అని సూది తాకకముందే అడిగాడు. ఎర్నమ్మ వచ్చింది. పైడితల్లి వచ్చింది. ఆఖరున నేను చెయ్యి మడిచాను. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

సంఘం ఇంకో తీర్మానం చేసింది. మోటార్లు ఉంటాయి. కానీ ప్రతి పడవకీ దానిదైన చప్పుడు ఒకటి కట్టాలి. చెక్క చిడతలో, గొలుసో, రేకో, ఏదో ఒకటి. చేపలు కాస్త బెదిరితే బెదరనీ అంది పైడితల్లి. దానయ్య మావయ్య షెడ్డు ముందు ఇప్పుడు పొద్దుటి నుంచీ జనమే. ఎవరి చప్పుడు ఎవరిదానిలా ఉందని తగాదాలు కూడా మొదలయ్యాయి.

మాఘ శుద్ధ షష్ఠి

కొత్త పొర పని మొదలుపెట్టి వారం దాటింది. షాహీనే కూర్చుని దానికి చప్పుళ్లు నేర్పుతోంది. నేను చెప్పి చెప్పి ఆమెకి గంజి మార్చడం వచ్చింది. ఆమె మాత్రం మీటరే చూస్తుంది.

పాత పాలెం చెవికి నాచు పట్టిందని మార్చడానికి పైడితల్లి పడవలో నేనూ వెళ్లాను. చెవి మార్చడానికి నేనే వెళ్లనక్కర్లేదు. పాత పొర ఉన్న సీసా నా ఒడిలో ఉంది. విశాఖకి పంపవలసిన కాగితంలో, తరలించేటప్పుడు ఒలికిపోయింది అని షాహీన్ ముందే రాసేసింది. "ఒలకబోసి రండి మరి" అని సీసా నా చేతికి ఇచ్చి, వెంటనే తెర వైపు తిరిగిపోయింది.

మా ఇల్లు ఉండే చోటు పైడితల్లికి తెలుసు. నీళ్ల ట్యాంకు కాళ్లకి తూర్పున, రెండు పడవల దూరం. అక్కడ మోటారు ఆపింది. నీళ్లు ఆకుపచ్చగా, అడుగు కనబడకుండా ఉన్నాయి. మూత తీసి వంచాను. తెల్లగా కాసేపు తేలి, విడిపోయి, కలిసిపోయింది. పైడితల్లి సీసా తీసుకుని సముద్రం నీళ్లతో కడిగి ఇచ్చింది.

తిరిగి వస్తుంటే మంచు దిగింది. ఇన్నేళ్లుగా మంచుని నేను కిటికీలోంచే చూశాను. దాని లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా చెయ్యి నాకే మసకగా కనబడింది. పడవ కింద నీళ్లు ఎటు పోతున్నాయో, ఒడ్డు ఎటో, పైన ఎటో కూడా తెలియలేదు. నా మాట నమ్మి ఇందులో ఎంతమంది ఎన్నిసార్లు చుక్కాని తిప్పారో అప్పుడు తెలిసింది. పైడితల్లి చిడతల తాడు విప్పి వదిలింది. పడవ వెనక అవి కటకటమని, కుంటుతున్నట్టు మోగాయి.

రేడియో గరగరలాడింది. షాహీన్ గొంతు.

"ఎడమకి కొంచెం తిప్పమనండి హేమగారూ. కంగారు పడకండి. మీరు వినబడుతున్నారు."

పైడితల్లి చుక్కాని తిప్పింది. నేను మీట నొక్కి, సరిగా వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాను.

వినబడింది. మళ్లీ వినాలనిపించింది.

"మీరు వినబడుతున్నారండీ" అంది షాహీన్.